మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలడం లేదు.. గాలి సోకిందంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గాజువాకలో ఉంటాను. ఫ్యాక్టరీలో వారం వారం షిఫ్టు మారుతుంది. నైట్ డ్యూటీ దిగి పొద్దున్న పడుకుంటే మధ్యలో హఠాత్తుగా మెలకువ వస్తోంది. గదంతా కనిపిస్తుంది గానీ ఒళ్లు కదలదు, గొంతు పెగలదు. ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు, తలుపు దగ్గర నల్లటి ఆకారం నిలబడ్డట్టు ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో విడిపోతుంది. రెండు నెలల్లో ఐదారుసార్లు వచ్చింది. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. ఇది ఫిట్సా, గుండె జబ్బా, మతి చెడుతోందా? నిద్రమాత్రలు వాడొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది స్లీప్ పెరాలసిస్, అంటే మెలకువ వచ్చినా ఒళ్లు కాసేపు కదలకపోవడం. మతి చెడటం కాదు. ఆ కాసేపూ ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గానీ, దీనివల్ల ప్రాణం పోదు. జీవితంలో ఒక్కసారైనా ఇది చూసినవాళ్లు నూటికి ఏడెనిమిది మంది ఉంటారు. నిద్ర వేళలు తప్పేవాళ్లలో ఇంకా ఎక్కువ.

నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది. విడత చివర్లో కలలు దట్టంగా వచ్చే దశ ఒకటుంది. ఆ సమయంలో రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. దాన్నే రెమ్ నిద్ర అంటాం. 1953లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని మొదట వివరించారు. ఈ దశలో మెదడు కాండం (మెదడు అడుగు భాగం) కండరాలను పూర్తిగా సడలించేస్తుంది. కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్లు ఆడకపోవడానికి కారణం అదే. కంటి కండరాలు, ఊపిరి నడిపే డయాఫ్రం మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. మీకు స్పృహ ముందే వచ్చేస్తోంది, ఆ సడలింపు వదలడం ఆలస్యమవుతోంది. మధ్యలో ఉన్న ఆ కొద్దిసేపు కళ్ల ముందు గదీ ఉంటుంది, కలా ఉంటుంది.

గుండెల మీద బరువుకూ కారణం ఉంది. పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉంటాయి కాబట్టి, భయంతో గట్టిగా గాలి పీల్చబోతే ఛాతీ పైకి లేవదు. ఎవరో నొక్కుతున్నారని మెదడు అర్థం చేసుకుంటుంది. రెమ్ నిద్రలో భయాన్ని పసిగట్టే భాగాలు చురుగ్గా ఉంటాయి, అందుకే మూలనున్న చీకటి మనిషిలా కనిపిస్తుంది. జపాన్‌లో దీన్ని కనాషిబారి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందని చెప్పుకునేవారు. అమ్మ కట్టించిన తాయెత్తు ఉంచుకోండి, నష్టం లేదు. కానీ గాలి వదిలిస్తామంటూ కొట్టేవాళ్ల దగ్గరికి, తిండీ నిద్రా మాన్పించేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. నిద్ర తగ్గిందంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది.

నైట్ డ్యూటీ తర్వాతే ఎందుకు వస్తోంది? ఒంట్లోని గడియారం రెమ్ నిద్రను తెల్లవారుజామున, ఉదయం ఎక్కువగా కోరుతుంది. రాత్రంతా మేలుకుని ఏడింటికి పడుకుంటే త్వరగానే అందులోకి జారుకుంటారు. దానికి తోడు మన విశాఖ ఉక్కపోత. రెమ్ నిద్రలో శరీరం తన వేడిని సరిగా అదుపు చేసుకోలేదు. పగలు కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఆ దశ మధ్యలోనే మెలకువ వచ్చేస్తుంది. డ్యూటీ దిగాక బీరు తాగే అలవాటుంటే మానండి. మద్యం మొదట రెమ్‌ను అణచి, దిగుతున్నప్పుడు ఒక్కసారిగా పెంచుతుంది.

వచ్చినప్పుడు పెనుగులాడకండి. పెనుగులాడేకొద్దీ ఛాతీ బిగుసుకున్నట్టవుతుంది, భయం పెరుగుతుంది. ఊపిరిని దాని మానాన వదిలేసి, కళ్లను కుడికీ ఎడమకీ తిప్పండి, అవి కదులుతాయి. తర్వాత ఒక్క కాలి బొటనవేలు మీదే మనసు పెట్టి ఆడించే ప్రయత్నం చేయండి. ఆకారం వైపు చూడొద్దు. మీ మూలుగు వినిపిస్తే ఒంటి మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలవమని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి, చాలామందికి దాంతోనే విడిపోతుంది. విడిపోగానే అటు తిరిగి పడుకోకండి, మళ్లీ అందులోకే జారతారు. లేచి లైటు వేసి, మొహం కడుక్కుని, పది నిమిషాలు కూర్చున్నాకే పడుకోండి.

అసలు మందు మాత్రం సరిపడా నిద్రే. నైట్ డ్యూటీ వారంలో తెల్లవారుజామున రెండు దాటాక టీ, కాఫీ ముట్టొద్దు. ఇంటికొచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. బండి నడిపేటప్పుడు కునుకు వస్తుంటే అవి వద్దు, అసలు బండే వద్దు, ఆటోలోనో బస్సులోనో రండి. ఎనిమిదింటికల్లా పడుకుని ఒంటిగంట దాకా, మళ్లీ సాయంత్రం డ్యూటీకి ముందు గంటన్నర నిద్రపోండి. మందపాటి కర్టెన్లు వేసి, ఫోను పక్క గదిలో పెట్టండి. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి పక్కకు తిరిగి పడుకోండి. బనీను వీపు మీద చిన్న జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి వేస్తే నిద్రలో వెల్లకిలా తిరగరు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరుసలో మారేలా సూపర్‌వైజర్‌ను అడిగి చూడండి. వెనక్కి మారే వరుసకు శరీరం అలవాటు పడటం కష్టం.

నిద్రమాత్రలు దీనికి మందు కావు. మెడికల్ షాపులో ఆల్ప్రజోలం అడిగి కొనుక్కోవద్దు. అలవాటవుతుంది, నైట్ డ్యూటీలో యంత్రాల దగ్గర ప్రమాదం కూడా. మరీ తరచుగా వస్తుంటే రెమ్‌ను తగ్గించే కొన్ని మందులున్నాయి, వాటిని డాక్టరే రాయాలి. మీరు చెప్పిన లక్షణాలకు స్కానింగులు అక్కర్లేదు.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఊరుకోకూడదు. పగలు ఆపుకోలేని నిద్ర వస్తూ, పగలబడి నవ్వినప్పుడు మోకాళ్లు సడలితే నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు. దానికి రాత్రి నిద్ర పరీక్ష, మర్నాడు రెండేసి గంటల తేడాతో పగటి కునుకుల పరీక్ష చేస్తారు. గట్టి గురకతో మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉందేమో చూపించుకోవాలి. నాలుక కొరుక్కోవడం, పక్క తడపడం, జరిగింది గుర్తు లేకపోవడం ఫిట్స్ లక్షణాలు. మీకు ప్రతిదీ గుర్తుంది కాబట్టి ఆ అనుమానం తక్కువ. నిద్ర లేచాక కాళ్లు నిమిషాలు కాదు, గంటల తరబడి లేవకపోతే పొటాషియం పడిపోయి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముందురోజు అన్నం బాగా ఎక్కువ తిన్నాక, లేదా బరువు పని చేశాక యువకుల్లో ఇలా జరుగుతుంది. దాని వెనక థైరాయిడ్ కూడా ఉండొచ్చు. ఒక పక్కే చచ్చుబడినా, మాట ముద్దయినా 108కి ఫోన్ చేయండి.

పడుకోవాలంటేనే భయం పట్టుకుంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) సైకియాట్రీ ఓపీకో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో ఉచితంగా మాట్లాడొచ్చు. వెళ్లేముందు రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ, షిఫ్టు, టీలు, ఇది వచ్చిన సమయం, అప్పుడు ఏ పక్కకు పడుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.