టెక్ సందేహాలు: ఆర్నాల్డ్ పోయాడు, అతని లాగిన్ పోలేదు

"వెస్ట్‌వరల్డ్‌లో ఆర్నాల్డ్ నిజంగా చనిపోయాడా, లేక తన మనసును కోడ్‌గా మార్చుకుని ఏదో సర్వర్‌లో దాక్కున్నాడా? టెక్నాలజీ తెలిసినవాళ్లుగా మీరేమంటారు?"

ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అచ్చం మనుషుల్లా ఉండే రోబోలతో నింపిన ఒక థీమ్ పార్క్ కథ ఇది, ఆ రోబోల్ని అందులో హోస్ట్‌లు అంటారు. డబ్బున్న అతిథులు వచ్చి వాటిని ప్రేమిస్తారు, కొడతారు, చంపుతారు. ఆ తర్వాత సిబ్బంది వాటికి మరమ్మతు చేసి, జ్ఞాపకాలు తుడిచేసి, మళ్లీ అదే కథలో నిలబెడతారు. ఈ సీరియల్ అమెరికా టీవీ చానల్ హెచ్‌బీఓలో 2016లో మొదలై, నాలుగు సీజన్లు నడిచి 2022లో ఆగిపోయింది. ఇంకా చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి, ఇక మీదట ముఖ్యమైన ముడులన్నీ విప్పేస్తున్నాను.

ఆ హోస్ట్‌లను సృష్టించిన ఇద్దరిలో ఒకడైన ఆర్నాల్డ్ చనిపోయాడు. పార్క్ తెరవకముందే డొలోరెస్ అనే హోస్ట్ చేత కాల్పించుకుని మరీ చనిపోయాడని మొదటి సీజన్ చివరికే స్పష్టంగా చూపించారు. అయినా అతను ఎక్కడో బతికే ఉన్నాడనే థియరీ అంత కాలం ఎందుకు నిలబడిందంటే, దానికి ఆధారాలు కథలోనే ఉన్నాయి. మేవ్ అనే హోస్ట్ రిపేర్ ల్యాబ్‌లో మేలుకుని, ఇద్దరు టెక్నీషియన్లను బెదిరించి తన సెట్టింగులు మార్పించుకుంటుంది. ఆ పనిలో వాళ్లకు తెలిసేదేమిటంటే, తమకన్నా పెద్ద అధికారాలున్న ఎవరో ఆమె కోడ్‌లో ముందే వేలు పెట్టారు. ఆ మార్పుల పక్కన కనిపించే పేరు ఆర్నాల్డ్. మనిషి పోయి ముప్పై ఏళ్లు దాటింది, కానీ అతని పేరుతో ఉన్న ఖాతా పనిచేస్తూనే ఉంది, పైగా అది మామూలు ఖాతా కాదు, అందరికన్నా పై స్థాయి అధికారాలున్నది.

అభిమానులు దీన్ని చూసి ఆత్మ గురించి, చైతన్యం గురించి ఎంతో రాశారు. నాకు మాత్రం ఆ సన్నివేశం చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వెళ్లిపోయినవాళ్ల లాగిన్ తీసేయడం ఏ చిన్న ఆఫీసులోనైనా మొదటి రోజు చేయాల్సిన పని. అంత పెద్ద కంపెనీ, అంత ఖరీదైన యంత్రాలు, ముప్పై ఏళ్లలో ఒక్కరికి కూడా అడ్మిన్ ఖాతాల జాబితా తెరిచి చూడాలనిపించలేదు! సీరియల్ రాసినవాళ్లు దీన్ని అతిశయోక్తిగా రాయలేదు, ఉన్నది ఉన్నట్టే రాశారు. పాత ఖాతా తీసేస్తే ఏది ఆగిపోతుందోనన్న భయంతో ఎవరూ ముట్టుకోని లాగిన్లు నిజమైన సంస్థల్లోనూ ఉంటాయి, దాడులు చేసేవాళ్లు వెతికేది కూడా వాటినే, ఎందుకంటే వాటి మీద ఎవరి కన్నూ ఉండదు.

మీ ఇంట్లో ఆర్నాల్డ్ ఎవరో ఆలోచించారా? సెకండ్ హ్యాండ్‌లో కొన్న వైఫై కెమెరా ఉంటే, పాత యజమాని దాన్ని తన ఖాతాలోంచి తీసేశారో లేదో అడిగారా? ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాం కదా అని చాలామంది రాస్తుంటారు. రీసెట్ డివైజ్‌లో ఉన్నదాన్ని చెరుపుతుంది, అంతే. ఆ కెమెరా ఎవరిదన్న లెక్క ఉండేది తయారీదారు సర్వర్‌లో. సరిగ్గా డిజైన్ చేసినవాటిలో పాత యజమాని విడిపిస్తే తప్ప కొత్తవాళ్లు జోడించుకోలేరు. నిర్లక్ష్యంగా చేసినవాటిలో కొత్తవాళ్లు జోడించుకున్నాక కూడా పాత యాప్‌లో వీడియో వస్తూనే ఉంటుంది. అమ్మిన కెమెరాలోంచి కొత్త యజమాని ఇల్లు తనకు కనిపిస్తోందని పాత యజమానులే బయటపెట్టిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లు మంచివాళ్లు కాబట్టి చెప్పారు.

స్మార్ట్ తాళాలు, రౌటర్లు, కారు యాప్‌లు, పిల్లల వాచీలు, అన్నింటిదీ ఇదే కథ. కాబట్టి కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టకముందే, అమ్మేవాళ్లు తమ యాప్‌లోంచి ఆ డివైజ్‌ను మీ ఎదుటే తీసేయాలి, ఆ తర్వాతే రీసెట్. అమ్మేవాళ్లూ ఇది తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే కొన్నింటిలో మీ వైఫై పాస్‌వర్డ్ కూడా లోపల అలాగే ఉండిపోతుంది. ఇంట్లో విడాకులైనా, గది పంచుకున్నవాళ్లు వెళ్లిపోయినా, షేర్ చేసిన ఖాతాలు ఆ రోజే తెరిచి "కుటుంబ సభ్యులు" అన్న జాబితా చూడండి. అందులో ఎవరు ఉండకూడదో వాళ్లు ఉంటారు, నా మాట నమ్మండి.

"రెవరీస్ అప్‌డేట్ లాంటిది నిజంగా సాధ్యమా? తుడిచేసిన జ్ఞాపకాలు ఒక అప్‌డేట్‌తో ఎలా తిరిగొస్తాయి?"

మంచి ప్రశ్న. మొదటి ఎపిసోడ్‌లో ఆర్నాల్డ్‌తో కలిసి హోస్ట్‌లను సృష్టించిన ఫోర్డ్, వాటి హావభావాలు మరింత సహజంగా ఉండేందుకు రెవరీస్ అనే చిన్న కోడ్ చేరుస్తాడు, ఆ చిన్న కదలికలు పాత జ్ఞాపకాల్లోంచి పుట్టుకొస్తాయి. అంటే తుడిచేశామని సిబ్బంది నమ్మింది నిజానికి తుడిచివేత కాదు, అందకుండా చేయడం మాత్రమే. అప్‌డేట్ ఆ దారి మళ్లీ తెరిచింది. ఫోన్లో, పెన్ డ్రైవ్‌లో ఒక ఫైల్ డిలీట్ చేస్తే మామూలుగా జరిగేదీ అదే: ఆ చోటు ఖాళీగా ఉందని గుర్తు పడుతుంది, లోపలి సమాచారం మీద కొత్తది రాసేదాకా అది అక్కడే ఉండొచ్చు. ఇప్పటి ఫోన్లలో ఈ గొడవ చాలావరకు లేదు. లోపలి డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఒక డిజిటల్ తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది, రీసెట్ చేస్తే ఆ తాళంచెవి నాశనమవుతుంది, మిగిలింది అర్థం లేని అక్షరాల గుట్ట. ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్త ఫోన్లన్నింటికీ ఈ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశారు. చవకరకం స్మార్ట్ వస్తువుల్లో ఆ క్రమశిక్షణ ఉందని మాత్రం అనుకోవద్దు.

అప్‌డేట్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ కొత్త కోడ్‌ను అన్ని హోస్ట్‌లకూ ఒకేసారి కాకుండా ముందు కొన్నింటికే ఇచ్చారు, తేడా కనిపించగానే వెనక్కి పిలిచారు. ఆ ఒక్క విషయంలో ఆ పార్క్ చాలా గ్యాడ్జెట్ కంపెనీల కన్నా నయం. "పనితీరు మెరుగుపరిచాం, బగ్స్ సరిచేశాం" అని ఒక్క వాక్యం రాసి, ఏం మార్చారో చెప్పకుండా, వెనక్కి వెళ్లే దారి లేకుండా మన వస్తువుల మీదకు తోసే అప్‌డేట్లంటే నాకు గౌరవం లేదు. అలాగని అప్‌డేట్లు ఆపేయమని అనడం లేదు, భద్రతా లోపాలు సరిచేసేవీ అందులోనే వస్తాయి. ఏం మార్చారో చెప్పమనే నా డిమాండ్.

ఇప్పుడు నన్ను అందరికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసిన ఉత్తరం. ఒక పాఠకురాలు ఇలా రాశారు: "అతిథుల టోపీలు వాళ్ల మెదళ్లను స్కాన్ చేస్తున్నాయని రెండో సీజన్‌లో చూపించారు. నాకది మరీ సాగదీసినట్టు అనిపించింది. మా ఇంట్లో కెమెరా ఉన్న రోబో వాక్యూమ్ క్లీనర్ ఉంది, దానికి భయపడాలా?"

టోపీతో మెదడు నకలు తీయడం ఊహే. మిగతాదంతా ఊహ కాదు. మొదటి సీజన్ నడుస్తున్నంత కాలం మనమంతా ఎవరు హోస్ట్, ఎవరు మనిషి అని లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాం. పార్క్‌లో ప్రోగ్రామింగ్ చూసే బెర్నార్డ్ హోస్టేనని, కుర్ర అతిథి విలియం, నల్ల దుస్తుల ముసలి అతిథి మ్యాన్ ఇన్ బ్లాక్ ఒకరేనని, మనం చూస్తున్నవి రెండు వేర్వేరు కాలాలని అభిమానులు ముందే పట్టేశారు. విలియం కనిపించే సన్నివేశాల్లో పార్క్ లోగో వేరుగా ఉందని గమనించినవాళ్లున్నారు, అంత శ్రద్ధగా చూశారు. కానీ చూపంతా ముఖాల మీదే. అసలు వ్యాపారం మాత్రం తలమీద ఉంది: హోస్ట్‌లు ఆకర్షణ, అతిథులు సరుకు. ఎవరూ చూడట్లేదనుకుని మనుషులు చేసిన పనులన్నీ దశాబ్దాల పాటు రికార్డ్ అయ్యాయి. మూలన పడేసిన అబర్నాతీ అనే పాత హోస్ట్ తలలోకి ఆ డేటా ఎక్కించి బయటికి తరలించాలని చూడటం వెనక ఉన్న ఆరాటమంతా అదే.

మీ వాక్యూమ్ సంగతికొస్తే, 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం ప్రచురించింది. ఒక రోబో వాక్యూమ్ ప్రయోగ దశ మోడళ్లు ఇళ్లలో తీసిన ఫొటోలు, బాత్రూమ్‌లో ఉన్న ఒక మహిళ ఫొటోతో సహా, సోషల్ మీడియా గ్రూపుల్లోకి చేరాయి. హ్యాకర్లెవరూ దొంగిలించలేదు. ఫొటోలో ఇది కుర్చీ, ఇది మనిషి అని యంత్రానికి నేర్పేందుకు పేర్లు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ల దగ్గర్నుంచి వెళ్లాయి. ఆ ఇళ్లవాళ్లు డేటా సేకరణకు ఒప్పుకుని సంతకం చేసినవాళ్లే. తమ ఫొటోను ఎక్కడో ఒక మనిషి కూర్చుని చూస్తాడని వాళ్లలో కొందరికి తట్టలేదు, ఆ పత్రాలు రాసే తీరు చూస్తే తట్టకపోవడంలో వింత కూడా లేదు.

కాబట్టి భయపడమని చెప్పను, కానీ సెట్టింగుల్లో "ఉత్పత్తిని మెరుగుపరచడానికి డేటా పంపు" అని ఒకటి ఉంటుంది, అది ఆపేయండి. కెమెరా లేకుండా లేజర్‌తోనో, గోడకు తగిలి దారి మార్చుకునే పద్ధతితోనో ఊడ్చేవి దొరుకుతాయి. ఊడవడానికి కెమెరా ఎందుకు అని కొనేముందు ఒక్కసారి అడిగితే చాలు, సగం సమస్య తీరిపోతుంది.

ఇలాంటి వస్తువుల సమీక్షలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మాట్లాడే రోబో వస్తే ముఖం ఎంత సహజంగా ఉంది, గొంతు మనిషిలా ఉందా లేదా, దానికి ఫీలింగ్స్ ఉన్నాయా అని పేజీలకు పేజీలు రాస్తారు. డేటా ఏ దేశంలోని సర్వర్‌కు పోతుంది, ఎన్నేళ్లు ఉంచుతారు, కంపెనీ మూతపడితే ఆ రికార్డింగులు ఎవరి చేతికి పోతాయి అని ఒక్క పేరా ఉండదు. థియరీలు అల్లేవాళ్లకున్న ఓపికలో పావు వంతు ప్రైవసీ పాలసీ మీద పెట్టినా, ఈ కంపెనీలు ఇంత తేలిగ్గా తప్పించుకోలేవు. లోగోలో తేడా పట్టుకున్న కళ్లే కదా అవి.

"ఒక్క మాట అంటే హోస్ట్‌లన్నీ ఆగిపోతాయి. ఎవరు పడితే వాళ్లు అంటే ఆగుతాయా? మన స్మార్ట్ స్పీకర్లు కూడా అంతేనా?"

చాలావరకు అంతే. గొంతు గుర్తుపట్టే సౌకర్యం ఉన్నా అది మీ క్యాలెండర్, మీ పాటలు చూపించడానికే తప్ప గట్టి తాళం కాదు, రికార్డ్ చేసిన గొంతుకో, పోలిన గొంతుకో లొంగవచ్చు. అంతకన్నా పెద్ద విషయం, మాటే అక్కర్లేదు. 2017లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన చెవికి వినపడని అల్ట్రాసౌండ్‌తో వాయిస్ అసిస్టెంట్లకు ఆదేశాలు ఇచ్చి చూపించారు. 2019లో జపాన్, అమెరికా పరిశోధకులు లేజర్ కాంతిని మైక్ మీద పడేసి, అది మాట అని స్పీకర్ నమ్మేలా చేశారు, అదీ 110 మీటర్ల దూరం నుంచి. కిటికీకి ఎదురుగా స్పీకర్ పెట్టకండి. తలుపు తాళం, డబ్బు చెల్లింపులు మాటకు కట్టిపడేయకండి, తప్పదనుకుంటే పిన్ అడిగేలా పెట్టండి.

చివరిగా, సీజన్ 5 లీకైందని వచ్చిన జిప్ ఫైల్ తెరవాలా అని అడుగుతున్నవాళ్లకు: సీజన్ 5 లేదు. 2022 నవంబర్‌లో సిరీస్ రద్దయింది, ఆ మరుసటి నెలలోనే హెచ్‌బీఓ మ్యాక్స్‌లోంచి కూడా తీసేశారు, అప్పట్నుంచి వెతుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు, వల వేసేవాళ్లూ ఎక్కువయ్యారు. 2018లో రెండో సీజన్ కథ మొత్తం ముందే చెప్పేస్తామని సృష్టికర్తలే ఊరించి, వీడియో తెరిస్తే నటి ఒక పాత పాప్ పాట పాడుతూ కనిపించేలా చేశారు. అప్పుడు నొక్కినవాళ్లకు పోయిందేమీ లేదు. ఇప్పటి ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టేది యాంటీవైరస్ లోపలికి చూడకుండా, లోపల ఉండేది వీడియో కాదు, మీ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్. ఇప్పటికే తెరిచేసినవాళ్లు పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి, ఆ ప్రోగ్రామ్ మీరు లాగిన్ అయి ఉన్న సెషన్‌ను కూడా ఎత్తుకెళ్తుంది, దానితో ఓటీపీ లేకుండానే లోపలికి రాగలరు. వేరే డివైజ్ నుంచి ముందు ఈమెయిల్ ఖాతా, తర్వాత బ్యాంకు, ఒక్కోదాన్లో పాస్‌వర్డ్ మార్చి "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" నొక్కండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ కొత్తగా వేయించేదాకా అందులో ఏ ఖాతా తెరవకండి.