నేపాల్‌లో శిఖరారోహణకు షెర్పాల నాయకత్వంలోని జట్టును నమ్మవచ్చా?

నేపాల్‌లో మొదటిసారి 6,000 మీటర్లు దాటిన శిఖరం ఎక్కబోయేవారు విదేశీ నాయకుడున్న జట్టుతో వెళ్లాలా, షెర్పాలే నడిపే జట్టుతో వెళ్లాలా అని మీరు అడిగారు. షెర్పాలు సామాను మోయడానికీ, తాళ్లు కట్టడానికీ సరే, నిర్ణయాలు తీసుకోగలరా అన్న అనుమానమూ వ్యక్తం చేశారు. నేను షెర్పా నాయకత్వంలోనే 6,189 మీటర్ల ఐలాండ్ పీక్‌కు వెళ్లి, శిఖరం చేరకుండానే తిరిగి వచ్చాను. అయినా వారితోనే వెళ్లమంటాను.

మా నాయకుడిని అందరమూ 'దాయి' అని పిలిచేవాళ్లం. నేపాలీలో అన్నను అలాగే అంటారు. బేస్ క్యాంపులో ఆయన ఒక బండకు తాళ్లు కట్టి, మందపాటి చేతి తొడుగులు తీయకుండా జూమార్‌ను (తాడుపై పైకి మాత్రమే జరిగి, కిందికి జారకుండా పట్టుకునే పరికరం) ఒక తాడు నుంచి మరో తాడుకు మార్చడం నాతో పదేపదే చేయించారు. పగటి ఎండలో అది బాగానే వచ్చింది. మర్నాడు తెల్లవారకముందే శిఖరం కింది మంచు గోడ ఎక్కుతూ మొదటి యాంకర్‌కు (తాడును మంచులో బిగించిన చోటికి) చేరాక, అదే పని మూడుసార్లు ప్రయత్నించినా నా చేతకాలేదు. నాలుగోసారి క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) గేటు తెరవకుండానే తాడును దానికేసి నొక్కుతున్నానన్న స్పృహ కూడా నాకు లేదు. ఆయన కాసేపు నా చేతులనే చూసి, "దిగుదాం" అన్నారు. నేను వాదించాను, కట్టిన డబ్బు సంగతి కూడా ఎత్తాను (తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది). ఆయన బదులు చెప్పకుండా నన్ను తన తాడుకు కట్టుకుని కిందికి దించడం మొదలుపెట్టారు.

షెర్పాలు నిర్ణయాలు తీసుకోగలరా అన్న మీ అనుమానం కొత్తదేమీ కాదు. 1953లో టెన్సింగ్ నార్గే ఎవరెస్ట్ శిఖరంపై నిలిచిన తరువాత కూడా దశాబ్దాల పాటు షెర్పాలను సహాయకులుగానే లెక్కించారు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో పగుళ్లతో నిండిన హిమానీనద భాగమైన ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు మరణించినప్పుడు, ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం 40,000 నేపాలీ రూపాయలు మాత్రమే. ఆ ఏడాది ఇక పైకి వెళ్లబోమని షెర్పాలు తేల్చిచెప్పడంతో నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఆరోహణలు దాదాపుగా ఆగిపోయాయి. ఇక 2021 జనవరి 16న, అంతవరకు శీతకాలంలో ఎవరూ ఎక్కలేకపోయిన కె2 శిఖరాన్ని పదిమంది నేపాలీలు కలిసి చేరుకున్నారు. ఆ పర్వతం నేపాల్‌లోది కాకపోయినా, అక్కడ వారు ఎవరి సామానూ మోయలేదు, ఎవరి ఆదేశాల కోసమూ ఎదురుచూడలేదు.

అయితే షెర్పా అన్నది ఒక జాతి పేరే తప్ప ఉద్యోగం పేరు కాదు. ఎత్తులో పుట్టినంత మాత్రాన ఎవరూ మంచి గైడ్ అయిపోరు. గురుంగ్, మగర్, తమాంగ్ జాతులలోనూ సమర్థులున్నారు. కాబట్టి ఇంటిపేరు చూసి కాక, శిక్షణ చూసి ఎంచుకోండి. ఫోర్త్సే గ్రామంలో 2003 నుంచి స్థానికులకు ఆరోహణ నేర్పే ఖుంబూ క్లైంబింగ్ సెంటర్ నడుస్తోంది; నేపాల్ పర్వత గైడ్ల సంఘానికి 2012లో అంతర్జాతీయ సమాఖ్య సభ్యత్వమూ దక్కింది. మీ గైడ్ ఎక్కడ నేర్చుకున్నారో, ఆయనకు బీమా ఎంత చేయించారో, వెనక్కి తిరగాలని ఆయన అంటే డబ్బు కట్టిన మీ మాట చెల్లుతుందో, ఆయన మాట చెల్లుతుందో ముందే అడగండి. చివరి ప్రశ్నకు "మీ ఇష్టం సర్" అని జవాబు వస్తే ఆ జట్టును వదిలేయండి.