సెర్విక్స్ చిన్నదైందని మంచానికే అతుక్కుపోవాలా?

మొదటి కాన్పు, 21వ వారం స్కాన్‌లో సెర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) పొడవు 22 మిల్లీమీటర్లే ఉంది, డాక్టర్ ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మందు రాశారు, ఇంట్లోవాళ్లు కాలు కింద పెట్టనివ్వడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. ఇదే టెన్షన్ నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

నా మొదటి బాబు 30 వారాలకే పుట్టాడు. అంతకుముందు మూడు రోజులుగా నడుము లాగుతోంది, పొత్తికడుపులో బరువు, నీళ్లలాంటి డిశ్చార్జ్. కడుపుతో ఉంటే ఇవి మామూలే అనుకున్నాను. వాడు ఆరు వారాలు ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, ఉన్నాడు. అందుకే రెండోసారి 16వ వారం నుంచే రెండు వారాలకోసారి లోపలి నుంచి చేసే స్కాన్, అంటే టీవీఎస్, చేశారు. 20వ వారానికి సెర్విక్స్ 19 మి.మీ.కి తగ్గింది. ముందు ఒక బిడ్డ తొందరగా పుట్టి ఉండటం, ఇప్పుడు 25 కన్నా తగ్గడం, రెండూ ఉన్నాయి కాబట్టి సెర్విక్స్ తెరుచుకోకుండా దానికి కుట్టు వేశారు. 37వ వారంలో తీశాక, తొమ్మిది రోజులకు పాప పుట్టింది.

మీది నా కేసు కాదు. ఇంతకుముందు తొందరగా కాన్పు కాలేదు. కడుపులో ఒక్క బిడ్డే అయితే మొదట చేసేది ప్రొజెస్టెరానే. కుట్టు వేయలేదేమిటని దిగులు పడకండి, ఈ మందును చిన్నచూపు చూడకండి. 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో సెర్విక్స్ 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉన్నవాళ్లకు రోజూ ప్రొజెస్టెరాన్ జెల్ ఇస్తే, 33 వారాల లోపు కాన్పులు 45 శాతం తగ్గాయి. మాత్ర రాత్రి పడుకునే ముందు యోనిలో పెట్టుకుంటే పొద్దున తెల్లగా కొంత కారుతుంది, మందంతా పోయిందని కంగారు పడొద్దు. డాక్టర్ ఆపమనేదాకా ఒక్క రాత్రి కూడా మానకండి.

ఇక బెడ్ రెస్ట్. భయంతో నేనే రెండు వారాలు మంచం దిగలేదు. డాక్టర్ కోప్పడ్డారు. పడుకున్నంత మాత్రాన కాన్పు ఆగుతుందని రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండ బలం పోతుంది. బరువులు ఎత్తడం, కలయిక గురించి మాత్రం మీ డాక్టర్‌నే అడగండి. ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి వెంట తీసుకెళ్లండి, డాక్టర్ నోటి నుంచే వింటారు.

ఆ 22 టీవీఎస్‌లో, మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిందేనా అని అడగండి. పొట్ట మీద నుంచి చూస్తే, మూత్రాశయం నిండి ఉంటే, ఉన్నదానికంటే పొడవుగా కనిపించొచ్చు. మళ్లీ స్కాన్ ఎప్పుడు, ఇంకా తగ్గినా, తెరుచుకున్నా ఏం చేస్తారు అనేది కూడా ఇప్పుడే తెలుసుకోండి.

రక్తం కనిపించినా, నీళ్లు కారినా, కింద ఒత్తిడిగా ఉన్నా, కడుపు పదేపదే గట్టిపడుతున్నా తెల్లారేదాకా ఆగకండి. నొప్పులు నిజమైనవే అయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి బాగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నేను ఆలస్యంగా వెళ్లడంతో మా బాబుకు ఆ రోజు దొరకలేదు.