సైలెన్సర్ మార్చాక రీమ్యాప్ తప్పనిసరా?

ప్రశ్న: నాది 2022లో కొన్న బీఎస్ 6 బండి, సుమారు 400 సీసీ, ఒకే సిలిండర్. ఈమధ్య బెండ్ పైప్‌తో సహా మొత్తం ఎగ్జాస్ట్ మార్పించాను. పాత పైపులో ఉన్న, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కొత్తదానిలో లేదు. అప్పటి నుంచి రేస్ వదిలినప్పుడల్లా సైలెన్సర్ టపటపమని పేలుతోంది, ఉప్పల్ ట్రాఫిక్‌లో రెండో గేరులో బండి కుదుపులిస్తోంది, మైలేజీ 30 నుంచి 24కు పడిపోయింది, మొన్న ఇంజిన్ దీపం కూడా వెలిగింది. బిగించిన షాపువారు రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్కను తిరగరాయడం, చేయించుకోవాలంటున్నారు. మా వీధిలోని మెకానిక్, బ్యాటరీ తీగ కాసేపు ఊడదీస్తే బండే సర్దుకుంటుందంటున్నాడు. స్నేహితుడేమో పైపులోని పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ను తీసేసి, దాని బదులు దొరికే చిన్న ప్లగ్ పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, హబ్సిగూడ

జవాబు: ముగ్గురూ కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నారు కానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ముందుగా చూడవలసింది బెండ్ పైప్ ఇంజిన్ హెడ్‌కు కలిసే చోట సందు లేకుండా మూసే గాస్కెట్‌ను. మైలేజీ పడిపోవడం, పేలుళ్లు, దీపం వెలగడం మూడూ ఒకేసారి మొదలయ్యాయంటే అక్కడ లీకు ఉండే అవకాశం చాలా ఎక్కువ.

లీకుకూ మైలేజీకీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఎగ్జాస్ట్ పైపులో పొగ ఒకే తీరున ప్రవహించదు. సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ ఒక ఒత్తిడి తరంగం బయటికి వెళ్తుంది, దాని వెనుకే క్షణకాలం పైపులో ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో గాస్కెట్ సందు గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ సెన్సర్‌కు తగలగానే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని కంప్యూటర్ నమ్మి, ఇంజెక్టర్‌ను ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజిన్ నిజానికి సరిగ్గానే ఉన్నా పెట్రోలు అదనంగా పడుతుంది, మైలేజీ పోతుంది. ఎంత పోసినా సెన్సర్ ఇంకా తక్కువే అంటుండటంతో, సవరణకు పెట్టిన పరిమితి దాటగానే దీపం వెలుగుతుంది. మీరు రేస్ వదిలినప్పుడు కాలకుండా పైపులోకి వచ్చిన పెట్రోలు ఆవిరి, సందులోంచి వచ్చిన కొత్త గాలితో కలిసి, ఎర్రగా కాలిన పైపులో అంటుకుంటుంది. మీకు వినబడే పేలుళ్లు అవే. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడంతో ఇంతకుముందు అణిగి ఉన్న చిన్న చప్పుళ్లు కూడా పెద్దవిగా వినిపిస్తాయి కనుక, పేలుళ్లలో కొంత భాగం లీకు పోయినా మిగలవచ్చు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బెండ్ పైప్ పట్టీ చుట్టూ సబ్బు నీళ్లు చల్లి, స్టార్ట్ చేసి చూడండి. పైపు వేడెక్కేలోగా కొద్ది సెకన్లలోనే బుడగలు లేస్తాయి, ఆ తర్వాత నీళ్లు ఆవిరైపోతాయి కనుక కన్ను అక్కడే ఉంచాలి. హెడ్ దగ్గర లోహం మీద గోరంత వెడల్పున నల్లని మసి చార ఉంటే అది కూడా అంతే గట్టి సాక్ష్యం. ఈ గాస్కెట్ మెత్తని లోహపు చుట్టు. ఒకసారి బిగిస్తే నలిగిపోతుంది, విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి. పాతదాన్నే మళ్లీ వేసి బోల్టులు గట్టిగా బిగించడం మన షాపుల్లో తరచూ జరిగేదే. పుత్లీబౌలి వైపు స్పేర్ల దుకాణాల్లో అడిగినా దొరుకుతుంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనూ దొరుకుతుంది. మొత్తం ఎగ్జాస్ట్ ధర ముందు దీని ఖర్చు లెక్కలోకి రాదు.

తర్వాత స్కానర్ పెట్టించి దీపానికి కారణమైన కోడ్ చదివించండి. పీ 0171 వస్తే మిశ్రమం పలచబడిందని, అంటే పెట్రోలు తక్కువైందని, కంప్యూటర్ భావిస్తోందని అర్థం. పైన చెప్పిన లీకు కథకు అది సరిగ్గా సరిపోతుంది. పీ 0130 వస్తే సెన్సర్ సర్క్యూట్‌లోనే తేడా, అంటే కొత్త పైపు మీద సెన్సర్ తీగ ఆనుకుని కాలిపోయి ఉండవచ్చు. కోడ్ చదవకుండానే రీమ్యాప్ ధర చెప్పినవారిని నేనైతే రెండోసారి కలవను.

ఇవన్నీ సరిచేశాక కూడా మీ బండికి రీమ్యాప్ అవసరం ఉండవచ్చు. కంప్యూటర్‌కు బయట ఏ పైపు ఉందో తెలియదు. రేస్ ఎంత తెరిచారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, లోపలికి వచ్చే గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత ఎంత అనేవి చూసి, ఫ్యాక్టరీలో రాసిన పట్టికలోంచి పెట్రోలు లెక్క తీస్తుంది. నిదానంగా, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఆ లెక్కను దిద్దుతుంది. రేస్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం సాధారణంగా సెన్సర్ మాట పక్కనపెట్టి, పట్టికనే నమ్ముతుంది. సైలెన్సర్ ఒక్కటే మార్చి, బెండ్ పైప్‌నూ కన్వర్టర్‌నూ అలాగే ఉంచినవారికి ఈ తేడా సాధారణంగా చిన్నదే, రీమ్యాప్ లేకుండానే గడిచిపోతుంది. మీరు మొత్తం మార్చారు కనుక మధ్య, పై ఆర్‌పీఎంలలో మిశ్రమం నిజంగానే పలచబడి ఉండవచ్చు.

బ్యాటరీ తీగ ఊడదీస్తే కంప్యూటర్ పోగుచేసుకున్న చిన్న చిన్న సవరణలు చెరిగిపోతాయి, ఫ్యాక్టరీ పట్టిక మారదు. గాస్కెట్ వేశాక ఒకసారి అలా చేయడం మంచిదే, పాత తప్పు సవరణలు పోతాయి. అంతకు మించి ఆశించవద్దు. సెన్సర్ బదులు ప్లగ్ పెట్టడం మాత్రం నాకు బొత్తిగా నచ్చని సలహా. మిశ్రమంలో ఎక్కువ తక్కువలను పసిగట్టే ఏకైక సాధనాన్ని తీసేస్తే, పెట్రోలు స్వభావం మారినా బండి దిద్దుకోలేదు. ఇథనాల్ లేని పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సుమారు 13.5 వంతులు చాలు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇదే కనుక సెన్సర్ ఉండి తీరాలి.

రీమ్యాప్‌కు వెళ్తే డైనో, అంటే బండిని నిలిపి నడిపించి పవర్ కొలిచే యంత్రం, ఉన్న చోటికే వెళ్లండి. సైలెన్సర్‌లో మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, రేస్ ప్రతి స్థాయిలో మిశ్రమం కొలిచి సరిచేసేదే రీమ్యాప్. ల్యాప్‌టాప్‌లోంచి ‘స్టేజ్ 1’ పేరుతో సిద్ధంగా ఉన్న ఫైలు ఎక్కించి పంపేయడం కాదు. మార్పుకు ముందు, తర్వాత గ్రాఫులు ఒకే రోజు, అదే యంత్రం మీద తీసి ఇవ్వమనండి. మీ బండి అసలు ఫైలు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే క్షణాన్ని, మరీ ముందుకు జరిపితే, వేసవిలో 42 డిగ్రీల ఎండలో ఇంజిన్ నాకింగ్ చేస్తుంది, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలి లోపల టకటక కొడుతుంది; దాన్ని తాకవద్దని ముందే చెప్పండి. ఒకే సిలిండర్ బండికి పవర్ పెద్దగా పెరగదు, కుదుపులు పోయి నడక మెత్తబడటమే అసలు లాభం. కంప్యూటర్‌నే తిరగరాయడం ఇష్టం లేకపోతే, మధ్యలో తగిలించే పిగ్గీబ్యాక్ పెట్టె ఉంది, అవసరమైతే విప్పేయవచ్చు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఏ రీమ్యాప్ అయినా కన్వర్టర్ లేని బండిని చట్టబద్ధం చేయదు. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ(4) కింద అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు లేదా రెండూ ఉండవచ్చు; శబ్ద, వాయు కాలుష్యం విషయంలో 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు లేదా రెండూ, వాటితో పాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత. పాత బెండ్ పైప్ ఇంకా మీ ఇంట్లో ఉంటే, కొత్త గాస్కెట్‌తో దాన్నే బిగించడం నా మొదటి సలహా. అప్పుడు రీమ్యాప్ ఖర్చు కూడా చాలా మటుకు తప్పుతుంది.

ప్రశ్న: నా 2013 నాటి కార్బురేటర్ బండికి సైలెన్సర్ మార్చాను. రీమ్యాప్ చేస్తామని ఒక షాపులో అంటున్నారు. చేయించనా?
– మరో పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: కార్బురేటర్‌లో పెట్రోలు లెక్క చూసే కంప్యూటరే లేదు కనుక, వారు దేన్ని రీమ్యాప్ చేస్తారో అడిగి మాకూ రాయండి. మీ బండిలో మార్చవలసింది జెట్, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క. పై వేగంలో పికప్ తగ్గితే మెయిన్ జెట్‌ను ఒక్క సైజు పెంచి చూడండి. రేస్ వదిలినప్పుడే పేలుతుంటే ముందు పైప్ లీకు, ఆ తర్వాత తక్కువ రేస్‌లో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ చూడాలి. ఒకేసారి రెండు మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.