పండుగలు అయ్యాక జేబు ఖాళీ: కార్తీకంలో మేం ఏం చేశామంటే

దసరా, దీపావళి దాటేసరికి క్రెడిట్ కార్డు బిల్లు 70 వేలకు చేరిందని, నెలనెలా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నానని రాశారు. మళ్లీ దారిలో పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు కట్టేయమని స్నేహితులు చెబుతున్నారని కూడా అన్నారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే బురదలో ఉన్నాను కాబట్టి నా అనుభవం చెబుతా.

మాది కరీంనగర్ దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. దసరాకి ఊరెళ్లకపోతే అమ్మ నెల రోజులు మాట్లాడదు. బతుకమ్మకి చీరలు, చెల్లెళ్లకు పెట్టుపోతలు, పిల్లల బట్టలు, మటన్, కారు కిరాయి, ఆ వెంటనే దీపావళికి పటాకులు, స్వీట్లు. అవన్నీ చాలవన్నట్టు ఆ ఏడాది పండుగ సేల్‌లో టీవీ కూడా కొన్నాం, నో కాస్ట్ ఈఎంఐలో. పేరుకే నో కాస్ట్. వడ్డీ ఎంతో అంత ముందే ధరలో తగ్గిస్తారు కానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన నెత్తినే పడతాయి. అది పెద్ద మొత్తమేం కాదు లెండి. నన్ను ముంచింది టీవీ కాదు, మినిమమ్ డ్యూ.

బిల్లు 68,000 వచ్చింది. మినిమమ్ డ్యూ 3,400 కట్టేసి, అమ్మయ్య ఈ నెల గడిచింది అనుకున్నా. తర్వాతి స్టేట్‌మెంట్‌లో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 2,700 వేశారు. నా కార్డుకి నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. కట్టిన 3,400లో అసలు తగ్గింది ఏడు వందలు! ఇంకో సంగతి నాకప్పటిదాకా తెలీదు. పాత బాకీ పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పొద్దున్నే యాప్‌లో తెప్పించుకునే పాల ప్యాకెట్ మీద కూడా వడ్డీ కడుతున్నానన్నమాట. అది చూశాక మాత్రం నిజంగా సిగ్గేసింది.

దీపావళి మర్నాటి నుంచి కార్తీకం కదా. మా ఇంట్లో ఆ నెలంతా నీసు ముట్టరు. ఆదివారం చికెన్ ఉండదు, బిర్యానీ ఆర్డర్లు ఉండవు, బయట తిండి దానంతటదే తగ్గుతుంది. లెక్కలు సరిచూసుకోవడానికి జనవరి ఒకటో తారీఖు కన్నా ఈ నెలే మేలని నాకనిపిస్తుంది. పాప పోయినేడాది నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు తీసుకుని, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నేను చదువుతుంటే మా ఆవిడ రాసింది.

"ఈ 999 ఏంటి?" అంది మధ్యలో. ఎండాకాలం సెలవుల్లో పాప కోసం పెట్టిన లెర్నింగ్ యాప్. జూన్ తర్వాత ఎవరూ తెరవలేదు. దాని కింద వ్యాయామం యాప్ 399, పాటల యాప్ 149. నెలకు 1,547 రూపాయలు చప్పుడు లేకుండా పోతున్నాయి. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక చోటు ఉంటుంది, మనం ఎవరెవరికి అనుమతి ఇచ్చామో అంతా అక్కడ కనిపిస్తుంది. అక్కడే రద్దు చేసుకోవచ్చు. కార్డుకి ముడిపెట్టినవి విడిగా చూసుకోవాలి. మీరూ ఈ పని ఈ రోజే చేయండి, పది నిమిషాలు పట్టదు.

అసలు గొడవ ఎఫ్‌డీ (బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్) దగ్గర వచ్చింది. పాప చదువుకని లక్ష రూపాయలు 7 శాతానికి వేసి ఉంచాం. అది తీసేద్దాం అన్నాను. "దాన్ని ముట్టుకుంటే ఊరుకోను" అంది ఆవిడ. రెండు రోజులు నడిచింది ఈ వాదన. చివరికి అదే నోట్‌బుక్‌లో రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించా: 65 వేలకు ఎఫ్‌డీ ఏడాదికి ఇచ్చేది 4,550, అదే 65 వేలకు కార్డు లాగేది జీఎస్టీ కాకుండానే 27,300. గడువుకి ముందే తీసినందుకు బ్యాంకు ఒక శాతం వడ్డీ కోత పెట్టింది. పెడితే పెట్టింది. కార్డు బాకీ ఆ పూటే మొత్తం కట్టేసి, మిగిలింది మళ్లీ ఎఫ్‌డీ వేశాం. లాగేసుకున్న డబ్బు నెలకు కొంత చొప్పున తిరిగి పెట్టాలని షరతు. పెట్టాను, పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ నోట్‌బుక్‌లో టీవీ తీసేస్తే పండుగ ఖర్చు 47,800 తేలింది. దసరా ఏటా వచ్చేదే కదా, అనుకోని ఖర్చు ఎలా అవుతుంది? అందుకని నెలకు 5,000 చొప్పున తొమ్మిది నెలల ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టాం. కార్తీకంలో మొదలుపెడితే శ్రావణానికల్లా వడ్డీతో కలిపి 46 వేలు చేతికొస్తుంది. కాలనీలో చీటీ వేయమని అడిగారు కానీ, అది రిజిస్టర్ అయిన చీటీ కాదు, వద్దన్నా.

ఉద్యోగస్తులైతే ఈ నెలలోనే ట్యాక్స్ కూడా ఒకసారి చూసుకోండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉండి జీతం ఏడాదికి 12.75 లక్షల లోపు ఉంటే 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి జీతం మీద పన్ను పడదు, 80సీ (పాత విధానంలో పెట్టుబడులకు పన్ను తగ్గించే సెక్షన్) కోసం హడావుడిగా పాలసీలు కొనాల్సిన పని లేదు. పాత విధానంలో ఉంటే ఆఫీసు వాళ్లు పెట్టుబడుల ప్రూఫులు అడిగేది సాధారణంగా డిసెంబర్, జనవరిలో. అప్పటిదాకా ఆగితే ఆఖరి మూడు నెలల జీతంలో కోత గట్టిగా పడుతుంది.

ఇక పర్సనల్ లోన్ సంగతి. ఎఫ్‌డీ లాంటివేవీ లేకపోతే తీసుకోవచ్చు, దాని వడ్డీ కార్డు వడ్డీలో సగం కూడా ఉండదు సాధారణంగా. కానీ లోన్‌తో కార్డు ఖాళీ కాగానే లిమిట్ మొత్తం మళ్లీ తెరుచుకుంటుంది. మా ఆఫీసులో ఒకతను అలాగే చేసి, ఏడాది తిరక్కుండా లోన్ ఈఎంఐ, కార్డు బిల్లు రెండూ కడుతూ కూర్చున్నాడు. నేనైతే బాకీ తీర్చిన రోజే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి లిమిట్‌ను లక్షన్నర నుంచి 30 వేలకు తగ్గించుకున్నా. మళ్లీ పెంచుతామని ఫోన్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.