పైప్‌లైన్ క్యూలో కదలట్లేదు, అడ్మిన్ తిడుతున్నాడు!

ప్రశ్న: సార్, మాది ఒంగోలు పక్కన పల్లె. ఒంగోలు జాతి పశువుల జన్యువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సీక్వెన్సింగ్ డేటా వచ్చింది కదా అని యూనివర్సిటీ క్లస్టర్‌లో (చాలా కంప్యూటర్లు కలిపి కట్టినది) లాగిన్ అయ్యి, అంచెలంచెల పనిని వరుసగా నడిపే నెక్స్ట్‌ఫ్లోలో, జన్యు తేడాలు వెతికే సారెక్ పైప్‌లైన్ పెట్టేసి పడుకున్నా. తెల్లారేసరికి అడ్మిన్ దాన్ని చంపేసి, ఇంకోసారి చేస్తే అకౌంట్ తీసేస్తానని మెయిల్ పెట్టాడు. సరేనని మొత్తం ఒకే జాబుగా, క్యూలో పెట్టి కంప్యూటర్లకి పంచే స్లర్మ్‌లో వేస్తే ఎంతకీ మొదలవ్వదు, మొదలయ్యాక 137 అని చూపించి ఆగిపోయింది. మా గైడ్‌కి ఇవేవీ తెలియవు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

జవాబు: అడ్మిన్ కోపంలో న్యాయం ఉందమ్మా. ఏమీ చెప్పకపోతే నెక్స్ట్‌ఫ్లో తను ఏ మిషన్ మీద మొదలైందో పని మొత్తం అక్కడే చేసేస్తుంది. మీరు పెట్టింది లాగిన్ నోడ్ మీద (క్లస్టర్‌లో ఒక్కో కంప్యూటర్‌ని నోడ్ అంటారు). అందరూ ఫైళ్ళు సర్దుకోడానికి, జాబులు పంపడానికి వచ్చే చోట అలైన్‌మెంట్లు (డీఎన్ఏ ముక్కల్ని రిఫరెన్స్‌తో సరిపోల్చడం) నడిస్తే పక్కవాడికి ఫోల్డర్ కూడా తెరుచుకోదు.

రెండోసారి చేసింది కూడా అదే పొరపాటు, చోటు మారిందంతే. మొత్తాన్ని ఒకే జాబులో కుక్కితే అన్ని అంచెలూ ఆ ఒక్క జాబు మెమరీనే పంచుకోవాలి. 137 అంటే 128కి 9 కలిపినది, 9 అంటే బలవంతంగా చంపేయమనే సిగ్నల్, చాలాసార్లు మెమరీ చాలకే వస్తుంది. మొదలవ్వకపోవడానికి కారణం కూడా అందులోనే ఉంది. సంక్రాంతి ముందు హైదరాబాద్ బస్సులో ఒక్క సీటంటే ఎలాగో దొరుకుతుంది, పది సీట్లు ఒకేచోట కావాలంటే దొరకవు కదా, స్లర్మ్ కూడా అంతే, చిన్న జాబుల్ని ఖాళీ దొరికిన సందులో దూరుస్తుంది, నోడు మొత్తం వారం రోజులకి అడిగినవాళ్ళని ఎదురుచూస్తూ ఉండమంటుంది.

నెక్స్ట్‌ఫ్లో కాన్ఫిగ్ ఫైల్లో ఎగ్జిక్యూటర్ (పని ఎవరితో చేయించాలి) దగ్గర స్లర్మ్ అని, మీ క్యూ పేరు రాయండి. ఇక ఒక్కో అంచెనీ విడి జాబుగా అదే పంపుకుంటుంది. నెక్స్ట్‌ఫ్లో మాత్రం చివరిదాకా బతికుండాలి కాబట్టి దాన్ని ఒక్క కోరు (ప్రాసెసర్‌లో ఒక భాగం), కొద్ది మెమరీ, ఎక్కువ టైముతో చిన్న జాబుగా వేయండి. కొన్నిచోట్ల లాగిన్ నోడ్ మీదే టీమక్స్‌లో (మనం లాగౌట్ అయినా పని ఆగకుండా ఉంచేది) ఉంచుకోమంటారు, అడిగి చేయండి. అలాగే కాన్ఫిగ్‌లోనే రిసోర్స్ లిమిట్స్‌లో మీ నోడ్లకి ఉన్న కోర్లు, మెమరీ రాయాలి, లేదంటే లేనంత అడిగి జాబు తిరిగొస్తుంది. మెమరీ చాలక పడిపోయిన అంచెని సారెక్ తనే ఎక్కువ అడిగి మళ్ళీ వేసుకుంటుంది. ఒక్కో అంచెకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఇమేజ్ అనే మూటగా వస్తుంది. దాన్ని నడిపే డాకర్‌కి మామూలుగా రూట్ (అడ్మిన్ స్థాయి) అధికారం కావాలి, క్లస్టర్లలో సాధారణంగా ఇవ్వరు, అది అక్కర్లేని ఆప్‌టెయినర్ వాడండి. కంప్యూట్ నోడ్లకి (జాబులు నడిచేవి) ఇంటర్నెట్ లేకపోతే ఇమేజ్‌లు ముందే దించుకోవాలి.

మీరు అడగలేదు గానీ నాకు అసలు భయం వేరే ఉంది. సారెక్‌కి జీనోమ్ పేరు ఇవ్వకపోతే మనిషి జీనోమ్‌నే తీసుకుంటుంది! పోల్చడానికి ఆవు రిఫరెన్స్ జన్యుక్రమం ఉన్న ఫాస్టా ఫైలు మీరే ఇవ్వాలి. ఎక్కువమంది వాడే ఏఆర్ఎస్-యూసీడీ 1.2 రిఫరెన్స్ హెర్‌ఫోర్డ్ ఆవుది, మూపురం లేని జాతి. మన పశువుల సంతతే అయిన బ్రెజిల్ నెలోర్ జన్యుక్రమం 2012లోనే వచ్చింది, దేనితో పోల్చాలో గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి, ఇది ఆయన సబ్జెక్టే. తెలిసిన వేరియంట్ల (జన్యు తేడాల) ఫైలు చేతిలో లేకపోతే, దాని ఆధారంగా రీడింగ్ నాణ్యత స్కోర్లు సరిదిద్దే బేస్ రీకాలిబ్రేషన్ అంచెని దాటేయమని సారెక్‌కి చెప్పాలి.

ముందు ఒక్క పశువుతో నడపండి. ఆవు జన్యుక్రమం సుమారు 270 కోట్ల అక్షరాలు, 30 రెట్ల కవరేజీ (ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు చదవడం) అంటే ఒక్కదానికే సుమారు 8,000 కోట్ల అక్షరాలు, మధ్యలో పుట్టే ఫైళ్ళు వేరే. అది పూర్తయ్యాక స్లర్మ్ లెక్కలు చూపే ఎస్ఏసీసీటీ (sacct) కమాండ్ కొట్టి మాక్స్‌ఆర్ఎస్ఎస్ (MaxRSS) దగ్గర ఏ అంచె నిజంగా ఎంత మెమరీ తిన్నదో చూసుకుని, దానికి కాస్త పైన అడగండి.

నెక్స్ట్‌ఫ్లో మధ్య ఫైళ్ళు పెట్టుకునే వర్క్ ఫోల్డర్‌ని మాత్రం పని అయ్యేదాకా ముట్టుకోవద్దు, ఆగినచోట నుంచి మొదలుపెట్టే రెజ్యూమ్ దాని మీదే ఆధారపడుతుంది. అది స్క్రాచ్‌లో (తాత్కాలిక ఫైళ్ళకి ఇచ్చే చోటు) ఉంటే పాత ఫైళ్ళని ఎన్నాళ్ళకి తుడిచేస్తారో కూడా అడ్మిన్‌ని అడిగేయండి, ఎలాగూ ఒక సారీ మెయిల్ బాకీ ఉంది కదా, అందులోనే.