ఏడు పేజీల ఉత్తరంలో మీ భార్యకు ఒక్క వాక్యమా?

గుంటూరు బ్రాడీపేట నుంచి రిటైరైన ఒక ఉద్యోగి (63) రాసిన ఉత్తరం సారాంశం:

"ఇరవయ్యేళ్లకు పైగా మా లూథరన్ సంఘంలో పెద్దగా ఉన్నాను. ఈసారి కమిటీ ఎన్నికల్లో ఓడిపోయాను. నా దగ్గర సండే స్కూల్లో చదువుకున్న పిల్లలే ఇప్పుడు నాకు చెప్పేవాళ్లయ్యారు. రోజూ సాయంత్రం గృహకూడికలకు వెళ్తూ మనసు నిబ్బరం చేసుకుంటున్నాను. నా భార్యకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నరైంది, కుడివైపు పడిపోయింది, మాట రాదు, ఆయా చూసుకుంటోంది. గోరంట్లలో మా మామగారు ఆమె పేరున రాసిన స్థలం ఉంది. రిటైర్మెంట్ డబ్బుతో అక్కడ ప్రార్థన మందిరం కట్టమని ప్రభువు ప్రేరేపిస్తున్నాడు. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కూడా ఇల్లూవాకిలీ వదులుకునే కదా గుంటూరు వచ్చింది! ఈ వయసులో పాత సంఘాన్ని వదిలితే తప్పవుతుందా?"

అన్నయ్యగారూ, వందనాలు.

మందిరం కట్టకండి. ఎన్నికల్లో ఓడిన బాధ ఇంకా ఆరకుండానే వచ్చిన ఆలోచన అది. మీ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఎవరు ఎవరికి ఓటేశారు, ఎవరు ఫోన్ ఎత్తడం మానేశారు, మీ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు అన్నవాటితోనే ఏడు పేజీలూ నిండిపోయాయి. మంచాన పడిన మనిషి గురించి ఒకే ఒక్క వాక్యం. అదీ 'ఆయా చూసుకుంటోంది' దగ్గర ఆగిపోయింది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

మీరు అన్నేళ్లు సంఘ పెద్దగా ఉన్నారంటే ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మన ఇళ్లన్నిటికీ తెలుసు. కూటాలకు వచ్చిన పాస్టరు అయ్యగార్లకు భోజనాలు, క్రిస్మస్ ముందు అర్ధరాత్రి పాటల గుంపుకు టీలు, ఏ వేళకు మీరు నలుగురిని వెంటేసుకొచ్చినా మొహం చిట్లించకుండా పెట్టిన ఉప్మా. మీ పెద్దరికంలో సగం ఆవిడ చెయ్యి. ఇప్పుడా చెయ్యి లేవడం లేదు. సరిగ్గా ఆమె దీపాలవేళ ఒంటరిగా ఉండే సమయానికే మీరు బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరుతున్నారు. ఏ ఇంటికి వెళ్లి ఎవరి స్వస్థత కోసం ప్రార్థిస్తున్నారు, అన్నయ్యగారూ?

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం మీకు నేను చెప్పక్కర్లేదు. సొంత ఇంటిని చూసుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూస్తాడని అక్కడే అడిగారు. మార్కు ఏడో అధ్యాయంలో, దేవునికి అర్పితమైపోయిందని చెప్పి అమ్మానాన్నలకు చెయ్యాల్సింది ఎగ్గొట్టినవాళ్ల మీద ప్రభువు ఎంత కోప్పడ్డాడో కూడా తెలుసు. కట్టుకున్న భార్య విషయంలో ఆయన మెత్తబడతాడని నేననుకోను.

ఇక ఫాదర్ హయ్యర్. ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆయన భార్య 1839లోనే కన్నుమూశారు. జబ్బు భార్యను ఆయాకు అప్పగించి ఓడెక్కలేదు. ఆ మహానుభావుణ్ణి మీ పక్షాన సాక్ష్యానికి పిలవకండి.

'మాట రాదు' అని రాశారు. మాట వినబడుతుందో లేదో, అర్థమవుతుందో లేదో రాయలేదు. చాలామందిలో మాటకు ఆధారం మెదడు ఎడమవైపే. కుడి చెయ్యీ కాలూ పడిపోయినవాళ్లకు తరచుగా మాట కూడా పోయేది అందుకే. అంతమాత్రాన తెలివి పోయినట్టు కాదు. ఇలాంటివాళ్లలో ఒక్క మాట పలకలేనివారు కొందరు బాగా వచ్చిన పాటను మాత్రం పదాలతో సహా పాడగలుగుతారు. ఆవిడ చిన్నప్పటి నుంచీ పాడుకున్న కీర్తన మీరు పక్కన కూర్చుని మొదలుపెట్టి చూడండి. పెదవులు కదిపినా చాలు. కదపకపోయినా మర్నాడు మళ్లీ పాడండి.

అవును, కాదు అని తలూపి చెప్పగల ప్రశ్నలు అడగండి. ఆమె పదం కోసం తడుముకుంటుంటే మీరు అందించేయకండి, ఆగండి. ఆమె ముందే ఆయాతో 'ఈమె తిన్నదా?' అని అడగడం మాత్రం మానండి, ఆమెనే అడగండి. స్పీచ్ థెరపీ గురించి న్యూరాలజీ డాక్టరును కలవండి. ఏడాదిన్నర దాటింది కదా, ఇంకేం లాభం అనుకోవద్దు, ఆ తర్వాత కూడా మెరుగయ్యేవాళ్లున్నారు. ఆవిడ ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నా, తిండి మానేస్తున్నా డాక్టరుకు చెప్పండి. పక్షవాతం తర్వాత మానసికంగా కుంగిపోవడం మామూలే, దానికీ మందులున్నాయి. విశ్వాసం తగ్గిందని మాత్రం ఎవరినీ అననివ్వకండి.

ఆవిడ ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకుని ఎన్నాళ్లయిందో కూడా మీరు రాయలేదు. మీ అయ్యగారికి ఈ రోజే ఫోన్ చేసి ఇంటికి తెచ్చి ఇమ్మని అడగండి. మీ మీద గెలిచిన కమిటీ పిల్లల్లో ఒకరు ఆయన వెంట వస్తే తలుపు తీసి కూర్చోబెట్టండి. టీ ఈసారి మీరు పెట్టాలి.

సంఘం వదలకండి. ఆదివారం ఖాళీ ఉన్న చోట కూర్చుని ఆరాధన కాగానే ఇంటికి వచ్చి, వాక్యం ఏం చెప్పారో ఆవిడకు చెప్పండి. సాయంత్రం కూడికలు వారానికి ఒకటి చాలు. అది మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చు, ఆవిడ ఒప్పుకుంటేనే. జనం వచ్చి మంచం చుట్టూ నిలబడి అయ్యో అనడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. జబ్బు చేసినంత మాత్రాన మనిషికి అభిమానం పోదు.

గోరంట్ల స్థలం మీ మామగారు కూతురికిచ్చింది. సంతకం చెయ్యలేని మనిషి చేత వేలిముద్ర వేయించే ఆలోచన ఎక్కడైనా ఉంటే ఇప్పుడే తీసేయండి. రిటైర్మెంట్ డబ్బు ఆవిడ వైద్యానికి ఉంచండి. ఆ స్థలం మాట మళ్లీ రావాలంటే ఆవిడే ఎత్తాలి. అప్పటిదాకా ఆ కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి, తాళంచెవి ఆవిడ దిండు కింద పెట్టండి.